పది నంబరు, పదో నంబరు

పది అన్నాడా, పదో అన్నాడా?

చేటలో బియ్యం అలాగే ఉన్నాయి. రోజారాణి వేళ్లు మాత్రం ఒకే రాయిని తీసి, మళ్లీ బియ్యంలోనే పడేసి, మళ్లీ దాన్నే వెతుకుతున్నాయి. పది నంబరు. పదో నంబరు. చివర పెదవులు చిన్న సున్నాలా ముడుచుకుంటే పదో. ముడుచుకోకపోతే పది. అంతే తేడా. అంత చిన్న తేడాలో ఒక మనిషి పొద్దంతా నిలబడేంత చోటుంటుందా?

"ఏందే, రాళ్లేరుతున్నవా, కలుపుతున్నవా?"

తల్లి ఐలమ్మ పొయ్యి దగ్గర నుంచే అడిగింది. రోజారాణి చేటను ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"అన్నాలు దిన్నంక పెద్దమనుషులొస్తరు. రామయ్య తాతకు కుర్చీ కావాలె, గౌరయ్య ఇంట్ల అడిగి తేవాలె. అల్లుడు బాలరాజు తన మేనమామను తోలుకొని వస్తడంట. ఎంతమందికి వండాల్నో తెల్వకపాయె. నువ్వేమో గా చేట ముందటేసుకొని జపం జేస్తున్నవ్."

"వాళ్లకు అన్నమెందుకే?" వాకిట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న రాఘవేందర్ విసుక్కున్నాడు. "తెగతెంపులకొచ్చేటోళ్లకు చాయ్ పోస్తే చాలు."

"తెగేదాంక అల్లుడే గదరా."

"అల్లుడంట! రమ్మని ఫోన్ జేసి, తాను రాని మొగోడు అల్లుడా?" చెంపకు నురగతోనే చెల్లెలి వైపు తిరిగాడు. "ఇగో రోజా, నువ్వేం మాట్లాడకు. 'నాకొద్దు' అను, ఒక్కటే మాట. ఇడుపు కాయితం మీద ఏలు వెట్టు, అయిపోతది."

"సంతకం వెడ్త. నాకు సంతకమొస్తది."

"పెట్టు మరి. అచ్చరాలు పెద్దగ పెట్టు."

రోజారాణికి నవ్వొచ్చింది. నవ్వు ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. తన కాపురం ఇవాళ మధ్యాహ్నం ముగిసిపోతుందని అందరికీ తెలుసు. తనకూ తెలుసు. అయినా మనసు ఆ వైపు పోవడం లేదు. తలుపు సందులో ఇరుక్కున్న కొంగులా ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

బస్సులు.

నిన్న ఆడబిడ్డ పద్మలత సనత్‌నగర్ నుంచి ఆటోలో ఇనుప సందుగ వేసుకొచ్చి వాకిట్లో దింపింది. రెండేళ్లు ఆమె ఇంట్లోనే, చీర అడ్డం కట్టిన సగం గదిలో రోజారాణి కాపురం చేసింది. వేరే గది చూడమని మొగుణ్ని అడిగి అడిగి, అతను చూస్తాననీ చూడననీ చెప్పకపోతే, బతుకమ్మ పండుగకని పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆ కథంతా అయి ఏడాది దాటింది.

"ఇగో నీ సందుగ. చీరెలు సూసుకో. మళ్ల పద్మలత దాసుకున్నదనద్దు," అంది ఆడబిడ్డ.

"నేనెప్పుడన్న అన్ననా వదినె?"

"నువ్వేడంటవ్? నువ్వు నోరు తెరిచిందెన్నడు, మావోడు తెరిచిందెన్నడు? ఇద్దరికి ఇద్దరు. పిచ్చోడు, గా దినం పది నంబరు కాడ పొద్దంత నిలబడె. ముందటికెళ్లి బస్సులు పోతుంటే ఒక్కటెక్కక, తాళంచెయ్యి పిడికిట్ల వట్టుకొని. మాపటికి ఇంటికొచ్చి మంచినీళ్లు గూడ ముట్టలె."

"అబద్ధానికన్న సిగ్గుండాలె," రాఘవేందర్ లోపల్నుంచి వచ్చాడు. "పది నంబరు కాడ నిలబడ్డది మా చెల్లె. మీవోడు నిలబడితే కనవడకపోయిండా? ఆయనేమన్న దోమనా?"

పద్మలత చెప్పులు తొడుక్కుని ఆటో ఎక్కేసింది. ఆమె పోయాక ఈ ఇంట్లో అందరూ ఒకే మాట అనుకున్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారు. పద్మలత ఇంట్లోనూ ఇప్పుడు అదే మాట అనుకుంటూ ఉంటారు.

రోజారాణి మాత్రం ఆ మధ్యలోని మాటను పట్టుకుంది. ఆ రోజు తను ఎదురుచూసిన రైల్వే ప్లాట్‌ఫారం మీద బస్సులెక్కడివి? ఇంకా, తాళంచెయ్యి. ఏ ఇంటిది?

చేట పక్కన పెట్టి లేచింది.

"కుల్సుమ్ చాచి దుకాణం దాంక పోయొస్త."

"ఉప్పు ఉన్నది, పప్పు ఉన్నది. ఏం దేనీకి?" అంది ఐలమ్మ.

"ఏం లేదు. ఒక మాట అడగనీకి."

*

సెల్‌ఫోను అప్పటికి రాఘవేందర్ జేబులోకి వచ్చి నెల కూడా కాలేదు. అంతకుముందు ఆ వాడకంతా వహాబ్ కిరాణా దుకాణంలోని ఎర్ర ఫోనే దిక్కు. ఎవరికి ఫోనొచ్చినా వహాబ్ భార్య కుల్సుమ్ గల్లీలోకి వచ్చి కేక వేసేది. మనిషి ఇంట్లో లేకపోతే కబురు తనే విని గుర్తుపెట్టుకొని చెప్పేది. మొన్నటి దీపావళి తర్వాత ఆ కబురూ అలాగే వచ్చింది.

"చాచీ, గా దినం ఫోన్ల ఏమన్నడో మళ్లొకసారి చెప్తవా?"

కుల్సుమ్ చక్కెర పొట్లం కడుతూ తలెత్తింది. "ఏ దినం బేటీ?"

"టేషన్ కాడికి రమ్మన్న దినం."

"యా అల్లా, నేనేమన్న కమ్‌జ్యాదా చెప్పిన్నా? 'ఐతారం పొద్దుగాల సికింద్రాబాద్ టేషన్ కాడ, పది నంబరు కాడ ఉంటా, జల్దీ రమ్మను' అన్నడు. గదే నీకు చెప్పిన."

"పది అన్నడా, పదో అన్నడా?"

కుల్సుమ్ చేతిలోని దారం ఆగింది. ఇదేదో పరాచికం అనుకొని రోజారాణి మొహం చూసింది. పరాచికం కాదని తెలిసి, కళ్లు మూసుకుంది.

"పది నంబర్. హా. పది నంబర్ అన్నడు."

"మరి ప్లాట్‌ఫారం అని ఎవరన్నరు?"

"నువ్వే!"

"నేనా?"

"నువ్వే బేటీ. నేను 'పది నంబర్' అన్న. నువ్వు 'పదో నంబరు ప్లాట్‌ఫారమా చాచీ' అన్నవ్. నేను హా హా అన్న. రైలు టేషన్ల నంబరంటే ఇంకేముంటది? గప్పుడే మా ముజమ్మిల్ నూనె డబ్బా ఒలకవోసిండు, నేను గా పరేషాన్ల ఉన్న." కుల్సుమ్ గొంతు తగ్గించింది. "ఏమయింది? నేనేమన్న గల్తీ జేసిన్నా?"

"లేదు చాచీ."

నిజంగానే లేదు. ఒక్క మాట, అతని కార్ఖానా ఉన్న బాలానగర్‌లో ఒక ఫోన్ బూత్ నుంచి బయలుదేరి, ఈ దుకాణంలో కాసేపు ఆగి, తన దగ్గరకు వచ్చింది. దారిలో ఎవరూ దాన్ని మార్చలేదు. గమ్యం చేరాక తనే దానికొక ప్లాట్‌ఫారం కట్టింది.

"నువ్వే ఫోన్ జేసి అడగాల్సిండె," అంది కుల్సుమ్, కొంచెం తేలికపడి. "కార్ఖానా నంబర్ ఉండె గదా. నువ్వేమో ఫోన్ పట్టుకొని 'ఆయనను పిలువుండ్రి' అంటవ్. గా కార్ఖానాల ఆయనలు ఎంతమంది! ప్రతిసారి నేనే తీసుకొని 'బాలరాజ్‌కో బులావ్' అనాలె. నీ మొగుని పేరు నేనన్నన్ని సార్లు ఆయన తల్లి గూడ అనలేదు!"

రోజారాణి ఈసారి నవ్వలేదు. దుకాణం ముందు మోటర్‌సైకిల్ ఆగింది.

"అమ్మ పిలుస్తాంది," అన్నాడు రాఘవేందర్, దిగకుండానే.

"అన్నా, సనత్‌నగర్‌కెళ్లి మనూరికి రావాలంటె ఎట్లొస్తరు?"

"ఎట్లొస్తరేంది? పది నంబరు బస్సుల సికింద్రాబాద్ వచ్చి, ఆడ మారాలె. రైలన్న ఎక్కాలె, మేడ్చల్ బస్సన్న ఎక్కాలె." చెప్పి, విసుగ్గా, "ఎందుకు?" అన్నాడు.

తను ఏమన్నాడో అతనికి వినిపించలేదు. ఆమెకు వినిపించింది. అంత మామూలుగా, నీళ్లు తాగినట్టు అన్నాడు. పది నంబరు బస్సు.

"నేను సికింద్రాబాద్ వోతున్న."

"ఏందీ?"

"గీ రైలుకు వోయి, గా రైలుకొస్త."

"దిమాకున్నదా? పెద్దమనుషులు కూసునే యాళ్లకు నువ్వు లేకుంటే ఏమంటరు? పిల్ల ఎటో పోయిందంటరు. నువ్వు లేకుండనే కాయితం అయిపోతది, చెప్తున్న. గప్పుడు నేనేం జెయ్యలేను."

"ఆయన నిజంగనే ఆడ నిలబడ్డడేమో సూడాలె."

"అయిదు నెలలైనంక పోయి సూస్తే కనవడతదా? ముద్రలుంటయా?" రాఘవేందర్ గొంతు పెరిగింది. "గంత షౌకుంటె వాడొచ్చినంక పంచాయితిల అడుగు."

"పంచాయితిల నేనడిగితే రామయ్య తాత జవాబిస్తడు. రామయ్య తాత అడిగితే ఆయన మేనమామ జవాబిస్తడు. ఆయన నేల సూసుకుంట కూసుంటడు. నేను లోపల తలుపెనక ఉంట. మాకిద్దరికి మాటెక్కడుంటదన్నా?"

రాఘవేందర్ బండి హ్యాండిల్ మీద రంగు ఊడిన చోట బొటనవేలితో గోకుతూ ఉండిపోయాడు. అన్న ఈ పెళ్లి చేయడానికి తిరిగిన తిరుగుడు ఆమెకు తెలుసు. ఈ తెగతెంపులకూ అతనే తిరిగాడు. ఇవాళతో అతను ఇక దేనికీ తిరగనక్కర్లేదు. ఆ అలసట అతని భుజాల్లో కనిపించింది.

"రైలు తప్పితే తోలుకరానీకి నేను రాను," అన్నాడు చివరికి.

"రాకు."

బండి మలుపు తిరిగాక గానీ ఆమెకు తెలియలేదు, చెప్పుల్లేకుండా వచ్చిందని. కుల్సుమ్ తన కాళ్ల నుంచి చెప్పులు విడిచి ముందుకు తోసింది.

*

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె తనను తానే వింతగా చూసుకుంది.

గౌడవెల్లి పిల్లకు నంబరంటే ప్లాట్‌ఫారం. చిన్నప్పటి నుంచీ రైలు ఒకటి మీదకొస్తుందా, రెండు మీదకొస్తుందా అన్నదే పెద్ద విషయం. సికింద్రాబాద్‌లో ఈ రైలు ఎక్కువసార్లు పదో నంబరు మీదకే పోయేది. కనుక పది అంటే ఆమె కాళ్లకు ముందు తెలుసు, తలకు తర్వాత తెలుసు.

అతనికి నంబరంటే బస్సు. "పదిల సీటు దొరకలె." "పది లేటొచ్చింది." రెండేళ్లు ఆ మాటలు వింటూ అన్నం వడ్డించింది. అతను చెప్పేవే నాలుగు మాటలు. ఆ నాలుగింట్లో ఇదొకటి. అయినా కబురు వచ్చిన రోజు అది ఎందుకు గుర్తుకు రాలేదు?

వినలేదా? విన్నది. విన్నదాన్ని చెవి లోపల ఏ గూట్లో పెట్టింది? కోపంగా ఉన్నప్పుడు మనిషి అవతలి వాళ్ల మాటల్ని కూడా తన భాషలోకి మార్చుకునే వింటుందేమో. లేక అతను రాకూడదనే తనలో ఏదో మూల అనుకుందేమో. రాకపోతే కోపం నిలబడుతుంది. వస్తే, ఆ కోపాన్ని ఎక్కడ దించాలి?

ఆ ఆలోచన ఆమెను భయపెట్టలేదు. ఆసక్తిగా ఉంది. పక్కింటి అమ్మాయి గురించి తెలుసుకుంటున్నట్టుంది.

బొల్లారం దాటాక జనం ఎక్కారు. ఒక ముసలామె బుట్ట జరుపుకుంటూ, "ఏడికి బిడ్డా?" అంది.

"టేషన్‌కు."

"టేషన్‌కా? టేషన్‌కెళ్లి ఏడికి?"

"ఏడికి లేదవ్వా. టేషన్‌కే."

ముసలామె ఆమెను పైకీ కిందికీ చూసింది. "ఆడికి ఎవరన్న మారనీకి పోతరు గని ఉండనీకి పోతరా?" అని, బుట్టలోని జామకాయ ఒకటి తీసి చేతిలో పెట్టింది.

*

రైలు పదో నంబరు మీదే ఆగింది.

ఆ రోజు తను కూర్చున్న సిమెంటు బల్ల మీద ఇవాళ ఒక కుటుంబం పులిహోర తింటోంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆమె ఇక్కడి నుంచి కదల్లేదు. కదిలితే అప్పుడే వచ్చి చూసి వెళ్లిపోతాడేమోనని భయం. ఆ తర్వాత ఒక్కసారి మాత్రం లేచింది. వంతెనెక్కి అవతలి వైపు విచారణ కిటికీ దగ్గరకు పోయింది. ఆ సంగతి తల్లికీ చెప్పలేదు, అన్నకూ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏమీ లేదని అనుకుంది.

ఇప్పుడు మళ్లీ అదే వంతెన ఎక్కింది. కింద రైలు పట్టాలు వరసగా మెరుస్తున్నాయి. కొత్తగా వచ్చిన ఎంఎంటీఎస్ చిన్న రైలు ఒకటి లింగంపల్లి వైపు కదులుతోంది. అందులోంచి దిగినవాళ్లు వంతెన మీద ఆమెకు ఎదురుగా ఉరుకుతున్నారు. ఢిల్లీ రైలు నుంచి దిగినవాళ్లు పెట్టెలతో ఆమె వెనక వస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసేవాళ్లు లేరు. అందరి కళ్లూ నంబర్ల కోసమే పైకి చూస్తున్నాయి.

ఒక్కొక్కరి తలలో ఒక్కో నంబరు ఉంటుంది కదా, అనుకుంది. ఇక్కడ నిలబెట్టి అందరినీ "పది ఎక్కడ?" అని అడిగితే ఎన్ని వేళ్లు ఎన్ని వైపులకు లేస్తాయో.

ఒకటో నంబరు మీదకు దిగి, విచారణ కిటికీ ముందు నుంచి నడిచింది. ఆ రోజు ఈ కిటికీలోని మనిషి మర్యాదగానే అడిగాడు.

"పేరు చెప్పమ్మా, మైకులో పిలుస్తాం."

"రోజారాణి."

"మీ పేరు సరే. ఎవరిని పిలవాలి?"

"మా ఆయనను."

"మీ ఆయనకు పేరుండదా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. "పేరు చెప్తే మొగుడు మాయమైతడంటనా?" అని ఇంకెవరో అన్నారు. ఆమె కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది. సిగ్గుతోనా, పంతంతోనా? 'ఆయనే రమ్మన్నడు, ఆయనే వెతుక్కోవాలె' అనుకున్నట్టు గుర్తు. కానీ ఆ మాట అప్పుడే అనుకుందో, తర్వాత అల్లుకుందో ఇప్పుడు తేలడం లేదు.

బయటకు వచ్చింది. రోడ్డు దాటింది. ఆటోల అరుపులు, చెరుకురసం బండి గంటలు, బస్సుల పొగ. ఒక స్తంభానికి రేకు పలక వేలాడుతోంది. దాని మీద రంగు వెలిసిన అంకెలు.

10.

పలక కింద నిలబడి చుట్టూ చూసింది. పొద్దంతా ఇక్కడ నిలబడ్డ మనిషికి ఏమేం కనిపించి ఉంటాయి? స్టేషన్ గడియారం కనిపిస్తోంది. లోపలికి పోయేవాళ్లు, బయటకు వచ్చేవాళ్లు కనిపిస్తున్నారు. మేడ్చల్ నుంచి వచ్చే బస్సులు ఎదురుగానే ఆగుతున్నాయి. తను బస్సులోనే వస్తుందని అతను అనుకుని ఉంటాడు. దిగే ప్రతి ఆడమనిషినీ చూసి ఉంటాడు. స్తంభం మీద చెయ్యి వేసింది. అతని భుజం ఎత్తున రంగు అరిగి ఉంది. అందరూ ఆనుకునే స్తంభమే. అతను ఆనుకున్న గుర్తంటూ ఏముంటుంది? అన్న మాటే నిజం. ముద్రలేమీ లేవు.

సరిగ్గా అప్పుడు మైకు మోగింది.

"యాత్రికులకు విజ్ఞప్తి…" ఎవరో తప్పిపోయిన పిల్లవాడి పేరు చెబుతోంది ఆడగొంతు. కరీంనగర్ నుంచి వచ్చిన ఫలానావారు ఎక్కడున్నా రావలసిందని, ఒక్కో అక్షరం విడివిడిగా, బస్సుల మోత మీదుగా, రోడ్డు ఇవతలి దాకా స్పష్టంగా వినిపిస్తోంది.

రోజారాణి చెయ్యి స్తంభం మీదే ఉండిపోయింది.

ఇక్కడికి వినిపిస్తుంది.

ఆ రోజు కిటికీ దగ్గర ఆ ఒక్క పేరు చెప్పి ఉంటే, అది ఇక్కడికి వినిపించేది. ఇక్కడే, ఈ పలక కిందే, పిడికిట్లో తాళంచెవితో నిలబడ్డ మనిషి తల తిప్పేవాడు. పదికీ పదోకీ మధ్య ఉన్న తేడా కాదు ఇంతదూరం తెచ్చింది.

పది నంబరు బస్సొకటి ఒరిగి ఆగింది. జనం దిగారు. అతను లేడు. ఇంకొకటి వచ్చింది. మేడ్చల్ బస్సు వాడు కేకలేస్తున్నాడు. తను అతని కోసమే ఆగిందా? అలా అనుకొని బయలుదేరలేదు. చోటు చూడటానికే వచ్చింది. కానీ సనత్‌నగర్ నుంచి గౌడవెల్లికి పోయే మనిషి ఇక్కడే మారాలి. ఆ సంగతి దుకాణం ముందు అన్ననడిగినప్పుడే ఆమెలో ఎవరికో తెలుసు.

మూడో బస్సు మెట్టు మీద ముందు ఒక తెల్ల చొక్కా కనిపించింది. పంచాయితీకని ఇస్త్రీ చేసిన చొక్కా. మునుపటి కంటే వదులుగా ఉంది. అతను దిగి, వెనక చెయ్యి చాచి మేనమామ ఇస్తారిని దింపాడు.

"జల్దీ నడువురా, రైలు వోతది," అంటున్నాడు ఇస్తారి. "ఇయ్యాల్టితోని గీ లొల్లి ఒడుస్తది."

అతను తలాడించాడు. పలక వైపు ఒక్కసారి చూశాడు, స్తంభం ఉందో లేదో చూసుకున్నట్టు. స్తంభం వెనక ఉన్న ఆమెను చూడలేదు. చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఏముందో బయటకు తీయలేదు. ఇద్దరూ స్టేషన్ వైపు రోడ్డు దాటసాగారు.

"ఇగో…" అంది రోజారాణి.

ఆ మాట బస్సుల మోతలో కలిసిపోయింది. ఇంకొంచెం గట్టిగా, "ఇగో, ఇనుండ్రి…" అంది.

చెరుకురసం బండివాడు చూశాడు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు వెనక్కి తిరిగి, తమను కాదని తెలిసి ముందుకు పోయారు. ఒక ఆటో అతన్ని కప్పేసింది. ఆటో పోయాక తెల్ల చొక్కాలు నాలుగు కనిపించాయి.

"ఎవర్ని బిడ్డా?" అన్నాడు బండివాడు. "పేరు వెట్టి పిలువరాదు?"

తెల్ల చొక్కా స్టేషన్ మెట్ల దాకా పోయింది. లోపలికి పోతే ఏ నంబరు మీదకు పోతాడో తెలియదు. గౌడవెల్లికి చేరితే తను ఇంట్లో లేదని తెలుస్తుంది. కాయితం ఎలాగూ అయిపోతుంది. దాని మీద తన సంతకం ఉండదు, అంతే.

ఆమె రోడ్డు అంచు దాకా వచ్చింది. కుల్సుమ్ చెప్పులు కాళ్లకు పెద్దవి. మడమలు జారుతున్నాయి. పెదవులు ముందు ఒకదానికొకటి తగిలాయి. ఆ పేరు తన నోట్లో ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

"బాలరాజూ!"

చివర పెదవులు చిన్న సున్నాలా ముడుచుకొని, అలాగే ఆగాయి.